మేకు కొట్టిన ఇల్లు

మా ఆంటీ ఇల్లు మ్యాపులో ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే లేదని మా చర్చిలో అందరూ ఏడాది పాటు నమ్మారు. కెనడాలో, టొరంటో శివార్లలోని మిల్టన్‌లో కొత్తగా లేచిన టౌన్‌హౌస్‌ల వెనక ఒక చిన్న వీధి. అది ఎటూ పోదు, చివర గుండ్రంగా తిరిగి అక్కడే ఆగిపోతుంది. ఆ మలుపులో ఇల్లు ఆంటీది, అందులో వెనక వైపు గది నాది. ఆంటీ నాకు చుట్టమేం కాదు. మా చర్చి ఆవిడ, వృద్ధుల హోమ్‌లో నర్సు. అంకుల్ పోయాక అంత ఇంట్లో ఒక్కతే ఉండలేకపోతోందని తెలిసి, మా అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి అడిగింది. "మీ అమ్మాయే అనుకోండి వదినగారూ, అక్కడ దానికి పెద్దదిక్కు మీరే," అంది. పెద్దవాళ్ళు మర్యాదకి అనే మాట అది. ఆంటీ మాత్రం నిజంగానే తీసుకుంది.

అవి మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న సంవత్సరాలు. ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా తెలుగు వినపడేది. చర్చిలో కుర్చీలు చాలక కుర్రాళ్ళు గోడలకి ఆనుకుని నిలబడి పాడేవాళ్ళు. నేనూ ఆ మందలో ఒకదాన్నే. రోజూ ట్రెయిన్ ఎక్కి టొరంటో వెళ్ళి, మాస్టర్స్ చదువుకుని, చీకటి పడ్డాక వచ్చేదాన్ని. చలికాలంలో అక్కడ మధ్యాహ్నం టీ తాగేలోపే చీకటి పడుతుంది, కాబట్టి అదేమంత కష్టపడినట్టు లెక్క కాదు.

నా చదువేంటో ఆంటీకి ఎప్పటికీ అంతుపట్టేది కాదు. ఒకరోజు వంటింట్లో చిక్కుడుకాయలు ముందేసుకుని అడిగింది.

"ఇంతకీ నువ్వు చదివేదేంటమ్మా?"

"మ్యాపుల్లో అక్కర్లేనివి తీసెయ్యడం ఆంటీ."

"దానికి ఇంత దూరం రావాలా? నా వంటింట్లో చాలా ఉన్నాయి తీసెయ్యాల్సినవి."

నవ్వొచ్చింది గానీ ఆవిడ తప్పేం లేదు. నేనూ ఆ కాయలు తుంచుతూనే చెప్పాను. కంప్యూటర్‌కి ఊరంటే చుక్కలూ గీతలూ అంతే. రోడ్డు వంకర తిరిగితే ఆ వంకర పొడుగునా బోలెడు చుక్కలుంటాయి. అన్నీ ఉంచితే లెక్క తెమలదు. అందుకని రోడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి ఒక దారం లాగి పట్టుకున్నట్టు అనుకుంటాం. ఆ దారానికి బాగా ఎడంగా ఉన్న చుక్క ఏదో చూస్తాం. మనం పెట్టుకున్న హద్దుకంటే దూరంగా ఉంటే ఉంచుతాం. లేకపోతే మధ్యలో చుక్కలన్నీ తీసేస్తాం, వంకర కాస్తా నిటారు అయిపోతుంది. దగ్గర దగ్గరగా ఉన్న చుక్కల్ని ఒకటి చేస్తాం. ఎటూ పోని పొట్టి వీధుల్ని కత్తిరించేస్తాం.

"నార తీసినట్టు," అంది ఆంటీ.

"అంతే ఆంటీ. కాకపోతే నారతో పాటు గింజ పోకూడదు."

"మరి మన వీధి ఎటూ పోదు కదా. పీకేస్తారా?"

అప్పుడు మేకు సంగతి చెప్పాను. ఏదీ తీయకముందే, తీయకూడని చుక్కలేవో కంప్యూటర్‌కి చెప్పి పెడతాం. ఆస్పత్రి, బడి, మనం ఆగాల్సిన ఇల్లు, ఇలాంటివి. వాటికి మేకు కొట్టేస్తాం. ఇక ఆ తర్వాత హద్దు ఎంత పెంచినా, చుట్టూ ఏది కత్తిరించినా, మేకు కొట్టిన చుక్క పోదు. అక్కడికి వెళ్ళే దారీ పోదు. ఆంటీ ఊరట పడ్డట్టు తలూపి, "సరే, మన ఇంటికి ఒక మేకు కొట్టించు," అంది.

మేకు అనే మాట నాది కాదు, అతనిది. అతను మా ల్యాబ్‌లోనే ఉండేవాడు, బందరు వైపు నుంచి వచ్చాడు. చర్చి కూడా మాదే. ప్రొఫెసర్ దాన్ని ఇంగ్లీషులో ఇంకేదో పేరుతో పిలిచేవాడు. మేమిద్దరం మాత్రం "మేకు పడిందా, మేకు ఊడిందా" అనుకుంటూ ఉంటే పక్క సీట్లో చైనా అమ్మాయి కూడా ఆ మాట నేర్చుకుంది. ప్రోగ్రాంలో అన్నిటికంటే ముందు నడిచే ఆ ముక్క మేమిద్దరం కలిసి రాశాం. ఒకే కీబోర్డు. అతను తప్పు కొడితే నేను చేతి మీద ఒక్కటిచ్చేదాన్ని. ప్రేమ అక్కడే మొదలైంది, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఒకే ట్రెయిన్‌లో వచ్చేవాళ్ళం. అతను దిగాల్సిన స్టేషన్ ముందే వచ్చేది, అయినా మిల్టన్ దాకా వచ్చి, నన్ను బస్సెక్కించి, వెనక్కి వెళ్ళేవాడు. ఆ చలిలో. అది చూసి నేను మురిసిపోయేదాన్ని.

ఇక క్యారల్స్ సంగతి. మా కోస్తా క్రైస్తవులకి డిసెంబర్ అంటే క్యారల్స్. పాస్టర్ గారు, పాడేవాళ్ళు, గిటారు, డోలక్, ఎర్ర బట్టల్లో క్రిస్మస్ తాత, అందరూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంట్లో రెండు పాటలు, ఒక ప్రార్థన, ఒక కేకు ముక్క. మా ఇంటికి రాలేదు అంటే అది చిన్న విషయం కాదు, ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఆ ఇంటి ప్రార్థనలో పాస్టర్ గారు ఒక అమ్మాయి పేరూ ఒక అబ్బాయి పేరూ కలిపి దేవుడి ముందు పెట్టారంటే, మా వాళ్ళలో సగం పెళ్ళి అయిపోయినట్టే. తాంబూలాలకి తక్కువ కాదు. అందుకే ఎవరూ ఊరికే పెట్టించరు.

వెనకటి రోజుల్లో ఒక్క వ్యాన్‌లో ఒక్క సాయంత్రం తిరిగితే చాలేదట. స్టూడెంట్లు వచ్చి పడ్డాక మిల్టన్ నుంచి రిచ్‌మండ్ హిల్ దాకా ఇళ్ళే ఇళ్ళు, ప్రతి బేస్‌మెంట్ నుంచీ మా దగ్గరికీ రండి అని పిలుపు. కాగితం మీద గీసుకుని తిరగడం అయ్యే పని కాదని పాస్టర్ గారు చేతులెత్తేశారు. అతను లేచి నిలబడి, "మేం చేస్తాం పాస్టర్ గారూ, మా చదువే అది," అన్నాడు. ఆ "మేం" అన్న మాటకి నాకు చెవులు వేడెక్కాయి.

చేశాం. ఇళ్ళన్నిటికీ మేకులు కొట్టాం. మిగతా రోడ్లన్నీ పీకి, నిటారు చేసి, మ్యాపుని ఎంత తేలిక చేశామంటే ఫోన్‌లో చిటికెలో దారి వచ్చేది. ఆంటీ ఇంటికి మేకు నా ఎదురుగా అతనే కొట్టాడు. కొట్టి, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే అన్నాడు.

"మీ ఇంట్లో ప్రార్థన అప్పుడు పాస్టర్ గారితో మనిద్దరి పేర్లు కలిపి చెప్పిస్తా. ఆంటీకి చెప్పు, సిద్ధంగా ఉండమని."

నోట్లో నువ్వుగింజ నానని మనిషిని, ఆ పూట మాత్రం మాట రాలేదు. ట్రెయిన్ దిగి ఇంటికొచ్చి ఆంటీకి చెప్తే, ఆవిడ నా రెండు చెంపలూ పట్టుకుని, ముందు మా అమ్మకి ఫోన్ చేసింది. అవతల మా అమ్మ ఏడ్చింది, ఇవతల ఈవిడ ఏడ్చింది. మధ్యలో నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

క్యారల్స్ మా ఇంటికి రావాల్సిన సాయంత్రం ఆంటీ చేసిన హడావుడి చెప్పలేను. హోమ్‌లో సెలవు పెట్టింది. కజ్జికాయలు, కేకు, పెద్ద గిన్నె నిండా టీ. ఎప్పుడూ పెట్టెలోంచి తీయని గంధం రంగు పట్టుచీర కట్టింది. గుంటూరు నుంచి తెచ్చుకున్న కాగితం నక్షత్రం లోపల బల్బు పెట్టి, వీధి మొదటి వరకూ కనపడాలని మేడ మీద ముందు గది కిటికీలో వేలాడదీసింది. "నువ్వు కిందే ఉండు, టీ చూసుకో. పెళ్ళికూతురు కిటికీలోంచి తొంగి చూడకూడదు," అని నన్ను వంటింట్లో నిలబెట్టి, తాను పైన కిటికీ దగ్గర కూర్చుంది. బయట మంచు సన్నగా పడుతోంది. నేను టీ వేడి చేస్తూ, దించుతూ, మళ్ళీ వేడి చేస్తూ ఉన్నాను. ప్రతి బండి చప్పుడికీ చెవి రిక్కించేదాన్ని.

చాలాసేపటికి ఆంటీ మెట్లు దిగి వచ్చింది. మెల్లగా దిగింది. వచ్చి కుర్చీలో కూర్చుని, "టీ దించెయ్యమ్మా, రారేమో," అంది.

"దారిలో ఉండుంటారు ఆంటీ. మంచు కదా."

"దించెయ్యి."

ఆ తర్వాతే చర్చి గ్రూపులో ఫోటో వచ్చింది. మా తర్వాత రావాల్సిన ఇంట్లో అందరూ కేకు తింటూ ఉన్నారు. అతను వెనక వరసలో ఉన్నాడు, మొహం సరిగ్గా కనపడలేదు. నేను ఫోన్ చేశాను, ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను, చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి, జవాబు రాలేదు. ఆంటీ పట్టుచీరలోనే గిన్నెలు కడిగింది. నేను పైకెళ్ళి నక్షత్రం ఆర్పేశాను. నాకు ఏడుపు రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక అతను తనంతట తానే మా దగ్గరికి వచ్చాడు. పాస్టర్ గారు పక్కనే ఉన్నారు, ఇంకా నలుగురు ఉన్నారు.

"సారీ ఆంటీ. మీ వీధి డెడ్ ఎండ్ కదా, సింప్లిఫికేషన్‌లో పోయింది. సాఫ్ట్‌వేర్ ఇష్యూ," అన్నాడు.

ఆ మాట ఆంటీ వైపు చూసి అన్నాడు. నా వైపు చూడలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈ లోకంలో ఎవరికి చెప్పినా అతికేదే ఆ అబద్ధం, పాస్టర్ గారికి అతికింది, నలుగురికీ అతికింది. నాకు చెప్పడమంటే తాతకి దగ్గులు నేర్పడమే. మేకు కొట్టిన ఇల్లు పోదు. ఆ ముక్క అతనూ నేనూ ఒకే కీబోర్డు మీద రాశాం. పోయిందంటే ఎవరో మేకు పీకారు. పీకే చేతులు ఉన్నవి మా ఇద్దరికే, నేను పీకలేదు. ప్రోగ్రాం తెరిచి చూడాల్సిన పని కూడా లేదనుకున్నాను. పోనీ జ్వరం వచ్చిందని చెప్పినా, వాళ్ళమ్మ ఒప్పుకోలేదని చెప్పినా నేను నమ్మేదాన్నేమో. నేను నమ్మలేని ఆ ఒక్క అబద్ధమే ఏరుకుని చెప్పాడు. నాకు తెలుస్తుందని అతనికి తెలుసు. అలా చెప్పడమే నాకు జవాబు.

అక్కడే అతని పరువు తీసి చేతిలో పెట్టగలను, నా నోరు అలాంటిది. కానీ పక్కన ఆంటీ ఉంది. పెళ్ళి మాట వస్తుందని పట్టుచీర కట్టుకుని కూర్చున్న మనిషి. అతను కావాలనే రాలేదని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదనిపించింది. పైగా కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది. నోరు మూసుకున్నాను. ఆంటీ అతని భుజం తట్టి, "పోనీలే బాబూ, కంప్యూటర్ చేసిన దానికి నువ్వేం చేస్తావ్," అంది. ఆ తర్వాత కూడా ఎవరు కదిపినా అదే చెప్పింది. మా ఇల్లు కంప్యూటర్ మింగేసిందండీ, పాపం ఆ అబ్బాయి తప్పేం లేదు, అని. ఆవిడ అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పైకి నవ్వేదాన్ని.

అసలు సంగతి ఈస్టర్ లోపే బయటపడింది. రిచ్‌మండ్ హిల్‌లో సంబంధం కుదిరింది. అమ్మాయి ఇక్కడే పుట్టింది, సిటిజన్. అతని పర్మిట్ గడువు ఇంకెన్నాళ్ళో లేదు, ఇక్కడే ఉండిపోవడానికి కావాల్సిన పీఆర్ పాయింట్లు అప్పట్లో ఎవరికీ అందడం లేదు. నాకూ అదే బాధ ఉంది, అందుకే అతన్ని అర్థం చేసుకోగలను. అర్థం చేసుకున్నంత మాత్రాన నొప్పి తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ట్రెయిన్‌లో అతను కూర్చునే వైపు నేను కూర్చోవడం మానేశాను. ల్యాబ్‌లో మా సీట్ల మధ్య మానిటర్ జరిపాను. చైనా అమ్మాయి ఒకరోజు "మేకు?" అని నవ్వుతూ అడిగితే, లేచి బాత్రూంలోకి వెళ్ళి, అంతకాలం రాని ఏడుపంతా అక్కడ ఏడ్చాను. పెళ్ళికి ఆంటీ వెళ్ళింది. నాకు పరీక్ష ఉందని చెప్పాను. పరీక్ష లేదు.

మళ్ళీ డిసెంబర్ వచ్చింది. పెళ్ళయ్యాక అతను రిచ్‌మండ్ హిల్ వైపు వెళ్ళిపోయాడు కాబట్టి దారి చెయ్యడం నా మీద పడింది. పాస్టర్ గారు ఇళ్ళన్నీ పంపారు. చివరి సాయంత్రం వెళ్ళాల్సిన వాటిలో రిచ్‌మండ్ హిల్‌లో ఒక కొత్త ఇల్లు ఉంది. చూద్దును కదా, అదీ ఎటూ పోని వీధే. మ్యాపు తెరిచి ఆ వీధిని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. తీసెయ్యడం ఎంతసేపు. "సాఫ్ట్‌వేర్ ఇష్యూ" అంటే అయిపోయె. కాదనగలిగినవాడు ఒక్కడే, వాడు నోరెత్తలేడు. చెయ్యి దాకా వచ్చింది ఆ పని. కానీ ఆ ఇంట్లో కూడా ఎవరో ఒకావిడ టీ గిన్నె దగ్గర నిలబడి బండి చప్పుడు కోసం వింటూ ఉంటుంది కదా అనిపించింది. మేకు కొట్టాను. మా ఇల్లు ఆఖరున పెట్టాను, భోజనాలు అక్కడే అని ఆంటీ పట్టుబట్టింది.

ఆ ఇంటి తలుపు అతనే తీశాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు. లోపలికెళ్ళి పాడాం. నా గొంతు బాగానే పలికింది, అది నాకే వింతగా అనిపించింది. అతని భార్య మంచి పిల్ల. వచ్చీరాని తెలుగులో అందరినీ కూర్చోబెట్టి కేకు పెట్టింది.

"మా హౌస్ లోపలికి ఉంటుంది కదా, ఫైండ్ చెయ్యడం కష్టమైందా అక్కా?" అని నన్నడిగింది.

"లేదమ్మా," అన్నాను. "ఆగాల్సిన ఇల్లు ఎప్పుడూ పోదు. మీ ఆయనకీ తెలుసు."

అతను టీ ట్రే పట్టుకుని నా వెనకే నిలబడి ఉన్నాడు. అందరం తల వంచాం. పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టి, వాళ్ళిద్దరి పేర్లూ కలిపి దేవుడి ముందు పెట్టారు. అతని పేరు పక్కన ఇంకో పేరు వినడం ఎలా ఉంటుందో నాకప్పుడే తెలిసింది. పక్కనుంచి ఆంటీ చెయ్యి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అందరితో పాటు ఆమెన్ అన్నాను.

వ్యాన్‌లో వెనక సీట్లో ఆంటీ నా పక్కనే కూర్చుంది. ముందు కుర్రాళ్ళు డోలక్ కొడుతూ గోల చేస్తున్నారు. మిల్టన్ దాకా ఆవిడ చెయ్యి వదల్లేదు. మా వీధి దగ్గరపడుతుండగా, ఎవరికీ వినపడకుండా అంది.

"ఆ రోజు వ్యాన్ వచ్చిందమ్మా."

నాకు అర్థం కాలేదు.

"మన వీధి మొదటి దాకా వచ్చి ఆగింది. పైనుంచి చూశాను. అతను ఒక్కడే దిగాడు. మంచులో నిలబడి మన నక్షత్రం వైపు చాలాసేపు చూశాడు. మళ్ళీ ఎక్కి, డ్రైవర్‌కి ముందుకు పొమ్మని చెయ్యి ఊపాడు. లోపల అద్దాలకి ఆవిరి పట్టి ఉంది, పాస్టర్ గారికి ఏం తెలుస్తుంది."

"మరి అందరికీ కంప్యూటర్ తప్పని..."

"ఇంకేం చెప్పమంటావు? గుమ్మం దాకా వచ్చి వద్దనుకున్నాడని చెప్పనా? నీ పేరు వాళ్ళ నోళ్ళలో నానదూ? కంప్యూటర్‌నంటే పోయేదేముంది, దానికి పెళ్ళి కావాలా." ఆవిడ రెండో చెయ్యి కూడా నా చేతి మీద వేసింది. "నీకు తెలియకూడదనుకున్నాను. నువ్వు ఇందాక ఆ పిల్లతో అన్న మాట విన్నాక, నీకు ముందే తెలుసని అర్థమైంది."

నాకు తెలిసింది సగమే. అతను మేకు పీకాడనుకున్నాను. పీకలేదు. మేమిద్దరం రాసిన ముక్క ఎక్కడా తప్పు చెయ్యకుండా అతన్ని మా వీధి మొదటి వరకూ తీసుకొచ్చింది. అంటే అక్కడి దాకా అతను నా దగ్గరికే వచ్చాడు. ఏడాది పాటు ఎంత ఏడ్చినా, ఇంతలా ఏడవలేదు నేను. డోలక్ గోలలో ఎవరికీ వినపడలేదు.

వ్యాన్ మా వీధిలోకి తిరిగింది. కిటికీలో నక్షత్రం వెలుగుతోంది. ఆంటీ కోటు జేబులోంచి రుమాలు తీసి నా మొహం తుడిచి, "దిగమ్మా, పులావు చల్లారిపోతుంది," అంది.